మా ఇంట్లో పొయ్యి ఆరిపోకుండా చూసిన మీ అందరికీ

మా ఆయన యాక్సిడెంట్ అయ్యి మంచాన పడ్డ నాలుగు నెలలూ మేం తిండికి ఇబ్బంది పడలేదంటే అది ఫుడ్ బ్యాంక్ వాళ్ల చలవే. ఇప్పుడాయన లేచి తిరుగుతున్నారు, పనిలోకి కూడా వెళ్తున్నారు. కాస్త కుదుటపడ్డాక ఈ మాట అందరి ముందూ చెప్పాలని అప్పుడే అనుకున్నాను.

మొదటి రోజు గుమ్మం దాకా వెళ్లి రెండుసార్లు వెనక్కి వచ్చేశాను. తెలిసినవాళ్లెవరైనా చూస్తారేమోనని ఒకటే టెన్షన్. మూడోసారి లోపలున్న పెద్దావిడ నన్ను చూసి, "అక్కడే నిలబడ్డావేం, లోపలికి రామ్మా" అన్నారు. ఏమైంది, ఎందుకొచ్చావు అని అడగలేదు. "ఇంట్లో ఎంతమంది? వండుకునే వీలుందా?" అంతే అడిగారు. ఆ రెండో ప్రశ్న ఎందుకో నాకు తర్వాత అర్థమైంది. హాస్పిటల్లో ఉన్నన్నాళ్లూ వండిన భోజనం పంపారు, ఇంటికి వచ్చాక సరుకులిచ్చారు. ఇంట్లో చిన్నపిల్ల ఉందని చెప్పానేమో, ప్రతిసారీ సంచిలో అన్నిటికన్నా పైన ఒక బిస్కెట్ ప్యాకెట్ ఉండేది. సంచి తెరవగానే పిల్ల చెయ్యి ముందు దానిమీదే పడేది.

రెండు నెలలుగా శనివారాలు నేనూ అక్కడికి పనికి వెళ్తున్నాను. మాకు అందిన భోజనం వెనక ఎంత చాకిరీ ఉందో అక్కడే చూశాను. సరుకులు రాగానే ప్రతి ప్యాకెట్ మీదా తేదీ చూసి, గడువు దగ్గరపడినవి ముందు వరసలో పెడతారు. వండినది 60 డిగ్రీల పైన వేడిగా ఉంచాలి, బయట రెండు గంటలు దాటితే ఇక ఎవరికీ పెట్టరు. ఒకసారి బండి ఆలస్యమై సగం గిన్నె పారబోయాల్సి వచ్చింది. నాకు ప్రాణం ఉసూరుమంది. ఆకలితో ఉన్నవాళ్లే కదా, ఏదో ఒకటి పెడదాం అని అక్కడ ఒక్కరూ అనలేదు. నా కళ్లమ్మట నీళ్లొచ్చాయి. మాకు వచ్చిన ప్రతి డబ్బానీ ఇంత జాగ్రత్తగానే పంపి ఉంటారు కదా.

వెనకాల పెద్ద గిన్నెలు తోమే ఇద్దరు తమ్ముళ్లకి ప్రత్యేకంగా నా దండాలు. నీళ్లలో నాని నాని వాళ్ల వేళ్లు ముడతలు పడిపోతాయి. భోజనం తీసుకెళ్లేవాళ్లకి వాళ్లు కనిపించరు. నాకూ అప్పుడు కనిపించలేదు. వానలో కూడా హాస్పిటల్ గేటు దాకా డబ్బాలు తెచ్చిచ్చిన డ్రైవర్ అన్నకీ, నన్ను లోపలికి పిలిచిన అమ్మకీ ఎన్నిసార్లు చెప్పినా తీరదు.

ఈ శనివారం తొమ్మిదింటికల్లా వచ్చేస్తాను. మూతల మీద టైము రాసే పని నాకే ఉంచండి.