చేపకు రంగు తెలుసని తేల్చాలంటే బూడిద కార్డులు ఉండాల్సిందే

సంపాదకులకు నమస్కారం.

మీ పిల్లల పేజీలో గోల్డ్‌ఫిష్‌తో చేయమన్న రంగుల ప్రయోగం చూశాం. ఆలోచన చాలా బాగుంది. అయితే ఎరుపు, నీలం కార్డులు రెండే పెట్టి, మేత అలవాటైన ఎరుపు వైపు చేప వెళ్తే దానికి రంగు తెలిసినట్టే అనడం సరికాదు. రంగులే తెలియని కంటికీ ఆ రెండింటిలో ఒకటి ముదురుగా, ఒకటి లేతగా కనిపిస్తుంది. పాత బ్లాక్ అండ్ వైట్ టీవీలో కూడా చీరల మధ్య తేడా తెలిసేది కదా!

వందేళ్ల కిందట జర్మనీలో నడిచిన వాదమంతా దీని గురించే. మ్యూనిక్‌లో కంటి వైద్యుడు కార్ల్ వాన్ హెస్ చేపలకు రంగులు తెలియవన్నారు. జంతుశాస్త్రవేత్త కార్ల్ వాన్ ఫ్రిష్ మిన్నో అనే చిన్న చేపలకు ఒక రంగు దగ్గర మేత అలవాటు చేసి, తర్వాత ఆ రంగును రకరకాల బూడిద ఛాయల మధ్య పెట్టి చూపించారు. రంగు తెలియని కంటికైతే ఏదో ఒక బూడిద ఆ రంగులాగే కనిపించాలి. కానీ చేపలు ఏ బూడిదనూ ఆ రంగుగా పొరబడలేదు. గోల్డ్‌ఫిష్ కంట్లో రంగును పసిగట్టే శంకు కణాలు (కోన్లు) నాలుగు రకాలున్నాయని ఇప్పుడు మనకు తెలుసు. అవి సుమారు 360 (అతినీలలోహితం), 450 (నీలం), 535 (పచ్చ), 620 (ఎరుపు) నానోమీటర్ల తరంగదైర్ఘ్యమున్న కాంతికి బాగా స్పందిస్తాయి. మనకున్నవి మూడు రకాలే, అతినీలలోహితం మనకు కనబడదు.

పిల్లలు ఇలా చేస్తే ఫలితాన్ని నమ్మొచ్చు. నాలుగు సెంటీమీటర్ల చదరాలు తొమ్మిది కావాలి: ఒకటి ఎరుపు, ఎనిమిది లేత నుంచి ముదురు దాకా బూడిద. వాటిని తొట్టె అద్దానికి బయటివైపు వరుసగా అతికించాలి. లోపల పెడితే కార్డుకు మేత వాసన అంటుకుంటుంది. రోజుకు రెండుసార్లు, రెండు మూడు వారాలు, ఎరుపు ఎదురుగానే చిటికెడు మేత వేయాలి. ప్రతిసారీ ఎరుపు చోటు మార్చాలి. ఇది మరిచారంటే చేప నేర్చుకునేది మూలనే, రంగును కాదు. పరీక్షలో మాత్రం మేత వేయొద్దు, మనిషి దగ్గర నిలబడొద్దు. చేయి కనబడితే చేప అటే వస్తుంది. ఫోన్‌తో వీడియో తీసి, మొదట ఏ కార్డును ముట్టిందో రాసుకోవాలి. ఊరికే తిరిగే చేప 20 సార్లలో ఎరుపును సగటున రెండుసార్లే తాకుతుంది, ఐదుకు మించి తాకడం అరుదు, పది దాటితే అనుమానం అక్కర్లేదు. వరుసగా మేత లేని పరీక్షలే పెడితే నేర్చుకున్నది సడలిపోతుంది. అందుకే మధ్యమధ్య మేత వేస్తుండాలి.

ఎక్కువమంది దెబ్బతినేది వెలుతురు దగ్గర. అక్వేరియం నీలి లైటులో ఎరుపు దాదాపు ఉండదు. దాని కింద ఎర్ర కార్డు నల్లగా కనిపిస్తుంది. తెల్ల ఎల్ఈడీ వాడాలి, వేశాక కనీసం అరగంట ఆగాలి. చీకట్లో వెనక్కి జరిగిన శంకు కణాలు వెలుతురుకు సర్దుకోవడానికి అంత సమయం పడుతుంది. లామినేషన్ వద్దు, మెరుపే గుర్తు అయిపోతుంది.

ఇంట్లో కలర్ ప్రింటర్ బూడిదలో మిగతా సిరాలు కూడా కలుపుతుంది. అందుకే మీకొక విన్నపం: పిల్లల పేజీలో ఒకే కాగితం మీద ఎర్ర చదరం, కేవలం నల్ల సిరాతో ఎనిమిది బూడిద చదరాలు అచ్చువేయండి. వెనక పేజీ అక్షరాలు కనబడకుండా కింద నల్ల అట్ట అతికించమని కూడా రాయండి.

— జంతుశాస్త్ర అధ్యాపకులు, కాకినాడ