కాథరిన్‌ను ఆటబొమ్మ అన్నవాళ్లకు

సంపాదకులకు నమస్కారం.

మొదటి ప్రపంచ యుద్ధం మీద హెమింగ్వే రాసిన నవల ‘ఎ ఫేర్‌వెల్ టు ఆర్మ్స్’ గురించి మీ ఆదివారం అనుబంధంలో పాఠకులు రెండు జట్లయి రాస్తున్న ఉత్తరాలు వదలకుండా చదువుతున్నా. ఒకాయన ఇంతకు మించిన ప్రేమకథ లేదన్నారు. ఒక లెక్చరరమ్మ, అందులోని నర్సు కాథరిన్ ‘నువ్వెట్లంటే అట్లే’ అని తలూపే ఆటబొమ్మ అని తీసిపారేశారు. ఆమె చేసే పని మాత్రం ఎవరికీ పట్టలేదు. నేను సర్కారు దవాఖానలో స్టాఫ్ నర్సుగా రిటైరైనదాన్ని, ఎక్కువ కాలం కాన్పుల వార్డులోనే. అందుకే ఈ నాలుగు ముక్కలు.

తలూపుతుంది, నిజమే. ఎనిమిదేళ్లు పెళ్లి మాటలో ఉన్నవాడు ఫ్రాన్స్‌లో జరిగిన సోమ్ యుద్ధంలో పోయాడు. కత్తిగాటుతో, తలకు కట్టుతో తనున్న దవాఖానకే వస్తాడని ఊహించుకుని నర్సు పనిలో చేరిన పిల్ల. తీరా మనిషి ముక్కలైపోయాడు. ఇక రెండోవాణ్ని, ఆ నవల చెప్పే హెన్రీని, దేనికి కాదంటుంది? యుద్ధంలో గాయపడి ఇటలీలోని మిలాన్ దవాఖానకు వచ్చిన అతని ఆపరేషన్‌కు ముందు చేయాల్సిన పనులన్నీ తనే చేస్తుంది, వేరేవాళ్లను చెయ్యి వేయనియ్యదు. వరసగా నైట్ డ్యూటీలు చేస్తుంది. కడుపుతో ఉండి, అతనితో స్విట్జర్లాండ్‌కు పారిపోతూ రాత్రిపూట పడవలో సరస్సు దాటేటప్పుడు తనూ తెడ్డు పడుతుంది. నైట్ డ్యూటీ దిగి పొద్దున బస్సులో నిలబడి ఇంటికి పోయినవాళ్లెవరూ ఆమెను బొమ్మ అనరు.

ఇక గొప్ప ప్రేమకథ అన్న పెద్దమనిషి ఆమె కాన్పు జరిగిన లొజాన్ (స్విట్జర్లాండ్) దవాఖాన పేజీలు మళ్లీ చూడాలి. తెల్లారకముందే నొప్పులు. ఆమె లోపల ఉండగా హెన్రీ పొద్దున టిఫినుకు, మధ్యాహ్నం తిండికి బయటికి పోతాడు. నొప్పి వచ్చినప్పుడల్లా గ్యాస్ ఇస్తుంటే, డాక్టరు లేనప్పుడు మీట తిప్పేది ఇతనే. అది చదువుతూ నేను ‘తిప్పకు నాయనా’ అని గట్టిగానే అన్నాను, ఇంట్లోవాళ్లు తిరిగి చూశారు. చివరికి పెద్దాపరేషన్. పేగు మెడకేసుకుని బిడ్డ పోయాడు. ఆ తర్వాత కూడా పోయి హామ్, గుడ్లు తిని బీరు తాగి, ఎదుటివాడు పట్టుకున్న పేపరు వెనక పేజీ చదువుతుంటాడు. తిరిగొచ్చేసరికి ఆమెకు బ్లీడింగ్.

ఇదేం మొగుడని మీకు రాసినవాళ్లున్నారు. నేను ఆ మాట అనను. దేవరకొండ తండాల నుంచి పెండ్లాన్ని తోలుకొచ్చి, లోపలి అరుపులు వినలేక, దవాఖాన గేటు ముందు చాయ్ బండి దగ్గర ఆకలి లేకున్నా ఇడ్లీ తింటూ, పొట్లం కట్టిన పేపరు ముక్క చదివేవాళ్లను ఎంతమందినో చూశా. పిలిస్తే ప్లేటు పడేసి ఉరికొస్తారు. ఆ పేజీలు ఎవరో చెప్తే విని రాసినవి కావు. ఈ నవల రాస్తుండగానే, 1928 జూన్‌లో, కాన్సాస్ సిటీలో హెమింగ్వే భార్య పాలీన్‌కు కాన్పు కష్టమై ఆపరేషన్ చేశారు. తల్లీబిడ్డా దక్కారు.

నా పేచీ వేరే. హెమింగ్వే 1918లో గాయపడి మిలాన్‌లో ఉన్నప్పుడు మనసుపడ్డ నర్సు ఆగ్నెస్ వాన్ కురోవ్‌స్కీ, మరుసటేడే వద్దని ఉత్తరం రాసింది. ఆమె 92 ఏళ్లు బతికి 1984లో పోయింది. కాదన్న నర్సు నిండు నూరేళ్లకు దగ్గరగా బతికితే, అవునన్న నర్సును కథలో కాన్పులో చంపాడాయన. అందులో కొంత కోపం ఉందని నా అనుమానం. తలూపడం సంగతి పక్కనబెట్టి లెక్చరరమ్మ దీని మీద రాస్తే చదవాలని ఉంది.

— ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు, రామగిరి, నల్లగొండ