సిలిండర్లు తగ్గిన సంగతి కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

చిన్న లగ్జరీ సెడాన్ల గురించి పేపర్లో ఎప్పుడు చదివినా హార్స్‌పవర్ ఎంత, సున్నా నుంచి వందకి ఎన్ని సెకన్లు, స్క్రీన్ ఎన్ని అంగుళాలు, ఇవే ఉంటున్నాయి. బానెట్ కింద జరిగిన అసలు మార్పు గురించి మాత్రం ఒక్క ముక్క ఉండదు.

బీఎండబ్ల్యూ 3 సిరీస్‌నే తీసుకోండి. 328ఐ అంటే అంతకుముందు తరంలో 3 లీటర్ల ఇన్‌లైన్ సిక్స్, అంటే ఆరు సిలిండర్లు ఒకే వరసలో ఉండే ఇంజిన్. 2012 మోడల్ నుంచి అదే పేరుతో 2 లీటర్ల నాలుగు సిలిండర్ల టర్బో (గాలిని ఒత్తిడితో లోపలికి నెట్టే ఇంజిన్) ఇచ్చారు. 2021లో వచ్చిన మెర్సిడెస్ సి-క్లాస్‌లో అయితే అన్నీ నాలుగు సిలిండర్లే. ఆఖరికి దాని స్పోర్ట్స్ మోడల్ ఏఎంజీ సీ63లో కూడా ఎనిమిది సిలిండర్ల వీ8 తీసేసి 2 లీటర్ల ఇంజిన్‌కి ఎలక్ట్రిక్ మోటార్ జోడించారు.

కారణాలు లేకపోలేదు. బరువు తక్కువ, ల్యాబ్ పరీక్షల్లో కాలుష్యం అంకెలు తగ్గుతాయి, పైగా ఆ బీఎండబ్ల్యూ టర్బో ఇంజిన్ నిమిషానికి 1,250 చుట్లు (ఆర్‌పీఎం) తిరుగుతున్నప్పుడే 350 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే లాగే బలం, ఇస్తుంది, పాత ఇంజిన్ వల్ల అది కాలేదు. ఒప్పుకుంటాను.

మరి వణుకు సంగతేంటి? నాలుగు సిలిండర్లలో రెండు పిస్టన్లు పైకి పోతుంటే రెండు కిందికి దిగుతాయి, లెక్క సరిపోయినట్టే ఉంటుంది గానీ, పిస్టన్‌ని క్రాంక్‌కి (చక్రాలకి తిప్పుడు అందించే ఇరుసుకి) కలిపే కనెక్టింగ్ రాడ్ పక్కకి ఒరగడం వల్ల పిస్టన్ పై సగంలో వేగంగా, కింది సగంలో నిదానంగా కదులుతుంది, ఆ తేడా క్రాంక్ తిరిగే ప్రతి చుట్టులో రెండుసార్లు బండిని కదిలిస్తుంది. దాన్ని అణచడానికి క్రాంక్‌కి రెట్టింపు వేగంతో తిరిగే బరువు కడ్డీలు, అంటే బ్యాలెన్స్ షాఫ్టులు, పెడతారు. ఇన్‌లైన్ సిక్స్‌కి అవి అక్కర్లేదు, ఒక పిస్టన్ ఊపు ఇంకోదానితో కొట్టుకుపోతుంది.

నేను రెండూ నడిపాను. పాత ఆరు సిలిండర్ల బండి సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజిన్ ఆన్‌లో ఉందో లేదో మీటర్ చూసి తెలుసుకునేవాణ్ణి. ఇప్పటి దాంట్లో కప్ హోల్డర్‌లో పెట్టిన సీసాలో నీళ్లు సన్నగా వణుకుతూ కనిపిస్తాయి, పొద్దున్నే స్టార్ట్ చేస్తే కాసేపు డీజిల్ బండిలా టకటకమంటుంది. సర్వీసు వాళ్లని అడిగితే "నార్మలే సార్" అన్నారు. లోపం కాదని నాకూ అర్థమైంది, ఆ ఇంజిన్ స్వభావమే అంత. కానీ లగ్జరీ అని చెప్పి అమ్ముతున్నప్పుడు ఆ నెమ్మదితనం కూడా రావాలి కదా!

మెర్సిడెస్ కూడా 2017లో ఎస్-క్లాస్‌కి ఇన్‌లైన్ సిక్స్‌నే మళ్లీ తెచ్చింది, అంటే దాని విలువ వాళ్లకి తెలియక కాదు. చిన్న సెడాన్ కొనేవాళ్లకి మాత్రం అది చాలావరకు అందకుండా పోయింది. 3 సిరీస్‌లో కావాలంటే పై మోడల్ ఎం340ఐ దాకా వెళ్లాలి.

మీ రివ్యూలు రాసేవాళ్లని ఈసారి ఏసీ, పాటలు ఆపేసి ఇంజిన్ ఆన్‌లో ఉంచి ఐదు నిమిషాలు ఊరికే కూర్చోమనండి. స్టీరింగ్ మీద చేతికి ఏం తెలిసిందో అది కూడా రాయమనండి.

— ఒక పాఠకుడు