పెట్టె మీద 150 పీఎస్ఐ, మూడో టైరుకే చేతులెత్తేసిన కంప్రెసర్

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: మీ వెబ్‌సైట్‌లో కొన్న 12 వోల్టుల టైర్ కంప్రెసర్ పాడైపోవడం, డబ్బు వాపసు గురించి.

నమస్కారం. ఈ ఉత్తరం మీ చాట్‌లో మాట్లాడే పిల్లలకు కాదు, వాళ్ల పైన కూర్చున్నవాళ్లకు రాస్తున్నాను. ఆ పిల్లలతో నాకు గొడవ లేదు, ముందు పెట్టిన స్క్రిప్టు వాళ్లు చదువుతున్నారు. కాకపోతే ప్రతిసారీ "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని ఒక మెసేజ్ పెట్టి, తెల్లారేసరికి ఫిర్యాదు పరిష్కారమైందని మూసేస్తున్నారు. ఏం పరిష్కారమైందో నాకైతే అర్థం కావట్లేదు. మిషన్ మా ఇంట్లో అటక మీద అట్లాగే ఉంది.

మాది కావలి. అమ్మానాన్న కలిగిరి అవతల పల్లెలో ఉంటారు, ఇంచుమించు ప్రతి వారం పోవాలి. తారు రోడ్డు దిగి పొలాల దారి పట్టామంటే రెండు పక్కలా సర్కారు తుమ్మే. ఆ ముల్లు ట్యూబ్‌లెస్ టైరులో దిగితే గాలి ఒక్కసారిగా పోదు, ముల్లే బిరడాలాగా అడ్డుపడి కొంచెం కొంచెంగా కారుతుంది, రాత్రి బాగానే ఉన్న టైరు పొద్దున లేచి చూస్తే కూర్చుని ఉంటుంది. అంత పొద్దున్నే ఆ పల్లెలో పంచర్ షాపు ఎక్కడి నుంచి వస్తుంది? కాస్త గాలి కొట్టుకుని మెల్లగా కలిగిరి దాకా వస్తే చాలు, అక్కడ ముల్లు తీయించుకోవచ్చు. హైవే మీద బంకుల్లో గాలి ఉచితమే, కాదనను, కానీ చాలా చోట్ల మిషన్ పనిచేయదు, పనిచేసే చోట మనిషి ఉండడు. అందుకని కొన్నాను, సరదాకి కాదు.

బ్యాటరీ మోడల్ కాకుండా వైరు మోడల్ తీసుకోవడానికి కూడా కారణం ఉంది. మే నెలలో కావలి ఎండకి తలుపులు మూసిన కారులో లిథియం బ్యాటరీ పెట్టి వదిలేయడం నాకు ఇష్టం లేదు. పైగా ఆరు నెలలు వాడకుండా ఉంచి, అవసరమైన రోజు తీస్తే ఛార్జింగ్ ఉండదు. కారు బ్యాటరీతో నడిచేదైతే ఆ టెన్షన్ లేదని చూసి, ఇంకా తక్కువ ధరకి దొరికేవి వదిలేసి మరీ మీది కొన్నాను.

ఇక మీ పెట్టె సంగతి. దాని మీద ఇంత పెద్ద అక్షరాలతో "150 పీఎస్ఐ" అని ఉంది, పీఎస్ఐ అంటే గాలి ఒత్తిడి కొలత. 150తో నాకేం పని సార్? డ్రైవర్ పక్క తలుపు తీస్తే స్టిక్కర్ మీద మా కారుకి 33 అని ఉంది. బైకుకి ముందు పాతిక, వెనక ముప్పై చిల్లర. హైవే మీద పోయే లారీలకే 100 నుంచి 130 దాకా పడతారు. ఇంట్లో కారు, బైకు ఉన్నవాడికి కావాల్సింది నిమిషానికి ఎన్ని లీటర్ల గాలి వస్తుంది, అదీ టైరులో ఒత్తిడి ఉన్నప్పుడు ఎంత వస్తుంది, ఆపకుండా ఎంతసేపు నడపొచ్చు, కారు సాకెట్ నుంచి ఎన్ని ఆంపియర్లు లాగుతుంది అన్న లెక్కలు. వీటిలో లీటర్లు ఒక్కటే రాశారు, అది కూడా 35 అని.

ఆ 35 లెక్క నేను వేసి చూశాను. మా కారు టైరులో సుమారు 28 లీటర్ల జాగా ఉంటుంది. 14.5 పీఎస్ఐ అంటే ఒక బార్, ఇంచుమించు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి అంత. 23 నుంచి 33కి తేవాలంటే పది పీఎస్ఐ, అంటే ముప్పావు బార్‌కి కొంచెం తక్కువ, కాబట్టి బయటి గాలి ఇరవై లీటర్లు లోపలికి పోవాలి. మీరు చెప్పిన వేగానికి అది నిమిషంలోపు అయిపోవాలి. ఒత్తిడి పెరిగే కొద్దీ వేగం తగ్గుతుంది, అది ఏ పంపుకైనా తప్పదు, రెండు మూడు నిమిషాలు అనుకుందాం. మీ మిషన్ ఏడెనిమిది నిమిషాలు తీసుకుంది, కారు ఇంజను ఆన్‌లో పెట్టే. అంటే నిమిషానికి మూడు లీటర్లు కూడా లేదు. 35 ఎక్కడ, 3 ఎక్కడ?

సరే, నిదానంగా అయినా పడుతుందిలే అని వాడుకున్నాను. గేజి దగ్గర ఇంకో సమస్య. 33 పెడితే 33 దగ్గర ఆగుతుంది, బాగానే ఉంది. మా వీధి చివర పంచర్ షాపు పెద్దాయన తన గేజి పెట్టి చూసి, "ఏంది అబ్బయ్యా, ముప్పై మూడు అంటివి, ఇరవై తొమ్మిదేగా ఉండేది" అన్నాడు. ఆయన గేజి పాతది, ఒప్పుకుంటాను, అందుకని బంకులో కూడా చూపించాను, అక్కడా అదే. కారణం ఏంటంటే, మిషన్ నడుస్తున్నప్పుడు మీ డిస్‌ప్లే చూపించేది పైపులో ఒత్తిడి, టైరులోది కాదు. ఆగి, ఒక క్షణం కుదురుకున్నాక మళ్లీ చూసుకుని, తక్కువుంటే ఇంకాస్త పట్టాలి. మంచి మిషన్లు అట్లాగే చేస్తాయి. దీనికి తోడు మీ పైపు మరలు తిప్పి బిగించేది, అది విప్పేలోగా ఇంకొంత గాలి బుస్సుమని పోతుంది.

ఈ మాట చెబితే మీ వాళ్లు ఏమన్నారో తెలుసా? "ఉష్ణోగ్రత తేడా వల్ల సార్" అని. ఇంటి దగ్గర చల్లగా ఉన్న టైరుకి గాలి పట్టి షాపు దాకా నడుపుకుంటూ పోయాను. టైరు వేడెక్కితే గేజి ఎక్కువ చూపిస్తుంది, తక్కువ చూపించదు. ఈ సంగతి గాలి మిషన్లు అమ్మే కంపెనీకి నేను చెప్పాల్సి వస్తోంది. నాలుగు పీఎస్ఐ తక్కువైతే ఏమవుతుందిలే అంటారేమో, నెమ్మదిగా గాలి కారే టైరుకి ఆ నాలుగు మొదట్లోనే పోతే మిగిలేది ఎంత? నెల్లూరు, ఒంగోలు మధ్య 16వ నంబరు హైవే మీద ఎండలో గాలి తక్కువున్న టైరుతో వేగంగా పోతే ఆ టైరు పక్క గోడలు వంగి వంగి వేడెక్కుతాయి. ఆ కారులో నా పిల్లలు కూర్చుంటారు.

ఫ్యూజు విషయం దీనికంటే ఘోరం. పెట్టె మీద 120 వాట్లు అని ఉంది, అంటే 12 వోల్టులకి 10 ఆంపియర్లు. మా కారు సాకెట్‌కి కంపెనీ ఇచ్చిన ఫ్యూజే 10. ఏ మోటారైనా మొదలయ్యేటప్పుడు రాసిన దానికంటే ఎక్కువే లాగుతుంది కదా, కొన్న కొత్తలోనే ఫ్యూజు పోయింది. మీ చాట్‌లో అడిగితే "20 ఆంపియర్ల ఫ్యూజు వేసుకోండి సార్, సమస్య ఉండదు" అన్నారు. స్క్రీన్‌షాట్ నా దగ్గర ఉంది. ఫ్యూజు పెద్దది వేస్తే ఫ్యూజు పోదు, దాని వెనకున్న సన్న వైరు కాలుతుంది. కారు ఎలక్ట్రీషియన్‌కి ఆ మెసేజ్ చూపిస్తే, ఈ సలహా ఇచ్చినోడి కారుకి వేసుకోమను ముందు అన్నాడు. దయచేసి ఆ సలహా మీ స్క్రిప్టులోంచి ఈ రోజే తీసేయండి, నా డబ్బు ఇచ్చినా ఇవ్వకపోయినా. ఇట్లాంటి మోటారుకి నేరుగా కారు బ్యాటరీకి తగిలించుకునే క్లిప్పులు ఇవ్వాలి.

చివరికి ఒంగోలులో పెళ్లికి పోవాల్సిన రోజు నాలుగు టైర్లకీ తలా ఐదు పీఎస్ఐ పట్టాల్సి వచ్చింది. రెండు అయ్యాయి. మూడో దానికి పెట్టగానే కాలిన వాసన, పైపు చివర ఇత్తడి ముక్క చెయ్యి పెట్టలేనంత వేడి, తర్వాత మోటారు చప్పుడు మారిపోయి సన్నగా తిరుగుతోంది తప్ప గాలి లేదు. లోపల ప్లాస్టిక్ పళ్ల చక్రం అరిగిపోయి ఉంటుందని పంచర్ షాపాయన అన్నాడు. వారంటీ పోతుందని నేను విప్పనివ్వలేదు. మీరే విప్పి చూసుకోండి.

దీనికి మీ జవాబు, మాన్యువల్ ప్రకారం ఐదు నిమిషాలు నడిపి పదిహేను నిమిషాలు ఆపాలి, కాబట్టి ఇది కస్టమర్ వాడకం వల్ల వచ్చిన లోపం అని. నేను ప్రతి టైరుకీ మధ్య ఆపాను. అసలు ఆ ముక్క మాన్యువల్ చివరి పేజీలో చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది, పెట్టె మీదేమో "నాలుగు టైర్లు 10 నిమిషాల్లో" అని రంగుల్లో ఉంది. మీ మాన్యువల్ నిజమైతే పెట్టె అబద్ధం. రెండూ మీరే అచ్చేశారు, ఏది నమ్మమంటారు?

వెనక్కి తీసుకెళ్లమంటే మా పిన్‌కోడ్‌కి పికప్ లేదట, సొంత ఖర్చుతో చెన్నై సర్వీస్ సెంటర్‌కి పంపాలట. అమ్మిన రోజు మాత్రం ఇదే పిన్‌కోడ్‌కి మీ కొరియర్ కుర్రాడు గుమ్మం దాకా వచ్చాడు.

ఇదే మోడల్ ఇంకొకటి పంపిస్తామన్నారు, నాకొద్దు. అది కూడా ఇంతే చేస్తుంది. మీ దగ్గర లోహపు సిలిండరు, లోహపు గేర్లు ఉన్న మోడల్ ఏదైనా ఉంటే, ఆపకుండా ఎంతసేపు నడుస్తుందో, ఎన్ని ఆంపియర్లు లాగుతుందో, 30 పీఎస్ఐ దగ్గర ఎన్ని లీటర్లు ఇస్తుందో ముందు కాగితం మీద రాసి పంపండి, వెనక టైరు దాకా వైరు అందుతుందో లేదో కూడా. చూసి నచ్చితే తేడా డబ్బు నేను కడతాను. లేదంటే పూర్తి మొత్తం, నేను కట్టిన ఖాతాకే, కొరియర్ ఖర్చు మీ మీద పెట్టుకుని వాపసు ఇవ్వండి.

2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. ఆటోమేటిక్ మెసేజ్‌తో మూసేయడం తేల్చడం కాదు. నెల దాటితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, అక్కడా కాకపోతే నెల్లూరులో జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక కొనుగోలుదారు తను ఉండే జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు, ఐదు లక్షల లోపు వస్తువుకి ఫీజు కూడా లేదు. చెన్నైకి నేను రావడం కాదు, నెల్లూరికి మీరు రావాల్సి ఉంటుంది.

మిషన్, పైపు, నాజిల్స్ అన్నీ పెట్టెలో సర్ది ఉంచాను. కొరియర్ మనిషిని ఉదయం పది తర్వాత పంపండి, అంతకుముందు ఇంట్లో ఎవరూ ఉండరు.

ఇట్లు,
మీ కస్టమర్,
కావలి, నెల్లూరు జిల్లా

జత చేసినవి: బిల్లు, పెట్టె నాలుగు వైపులా ఫోటోలు, మాన్యువల్ చివరి పేజీ ఫోటో, ఫ్యూజు సలహా స్క్రీన్‌షాట్, మోటారు తిరుగుతూ గాలి రాని వీడియో.