రవాణా పని వెతుక్కుంటున్న సభ్యులకు

సభ్యులందరికీ నమస్కారం. రోగులను, వాహనాలను లేదా సరుకును చేరవేసే పని కోసం చూస్తున్నవారు ఈ మూడూ వేర్వేరు పనులని ముందుగా గమనించాలి. ఒకదానికి తీసుకున్న బీమా మరొకదానికి వర్తిస్తుందని అనుకోవద్దు. సరుకు రవాణాలో వెళ్లేటప్పటి కంటే తిరిగి వచ్చేటప్పుడు లోడ్ దొరకడమే కష్టం కాబట్టి, కిరాయి మాట్లాడేటప్పుడే ఖాళీగా వచ్చే దూరానికి అయ్యే డీజిల్‌నూ లెక్కలో వేసుకోండి. పని ఇప్పిస్తామని ముందే డబ్బు అడిగేవారిని దయచేసి నమ్మకండి.

వాహనాలు చేరవేసేవారు బండి ఎక్కించుకునే ముందే, యజమాని ఎదుట అన్ని వైపులా ఫోటోలు తీసి, ఉన్న గీతలను, సొట్టలను, మీటర్ రీడింగ్‌ను రాసి సంతకం చేయించుకోవాలి. ఒకసారి తొందరలో నేనీ పని చేయక, బంపర్ మీద అంతకుముందే ఉన్న గీతకు నష్టపరిహారం కట్టాను.

రోగుల రవాణాకు డ్రైవింగ్ ఒక్కటే చాలదు, ప్రథమ చికిత్స, సీపీఆర్ (గుండె ఆగినప్పుడు ఛాతీని నొక్కుతూ చేసే అత్యవసర సాయం) తప్పక నేర్చుకోండి. బయలుదేరే ముందు స్ట్రెచర్ బెల్టులు బిగించి చూసి, ఆక్సిజన్ ఎంతసేపు వస్తుందో మీరే లెక్కగట్టాలి: 680 లీటర్లున్న సిలిండర్ నిమిషానికి 2 లీటర్ల చొప్పున 340 నిమిషాలు వస్తుంది, అదే 10 లీటర్లయితే 68 నిమిషాలకే అయిపోతుంది. ట్రాఫిక్‌లో ఆగిపోయే సమయాన్ని కూడా ఇందులో కలుపుకోవాలి.