ముందు గర్భసంచుల లెక్క తేల్చండి

సంపాదకులకు నమస్కారం.

2012 మే 27, ఆదివారం ప్రసారమైన ఆమిర్‌ఖాన్ టీవీ కార్యక్రమం ‘సత్యమేవ జయతే’ నాలుగో భాగం వైద్యులను కించపరిచిందనీ, ఆమిర్‌ఖాన్ క్షమాపణ చెప్పాలనీ వైద్య సంఘాలు పట్టుబట్టిన వార్త చదివినప్పటి నుంచి మనసు కుదురుగా లేదు. అవసరం లేకుండా గర్భసంచి పోగొట్టుకున్న మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మహిళల గోడు ఆ కార్యక్రమంలో దేశమంతా విన్నది. వారికి జరిగింది తప్పా కాదా అన్న మాట నేను చదివిన ప్రకటనల్లో ఎక్కడా లేదు.

మా మండలంలో ఈ వ్యవహారం ఎలా నడుస్తుందో అందరికీ తెలిసిందే. తెల్లబట్ట అవుతోందనో, నడుం నొప్పి అనో కూలికి వెళ్లే ఆడమనిషి ఊళ్లోని ఆర్‌ఎంపీకి చెబుతుంది. అతను పట్నంలోని నర్సింగ్‌హోంకు తీసుకెళతాడు. స్కానింగ్ తీసి, గర్భసంచి పాడైంది, ఉంచితే క్యాన్సర్ అవుతుందని భయపెడతారు. మందులతో తగ్గే బాధకు కత్తి పెడతారు. ఆర్‌ఎంపీ కమీషన్ అతనికి చేరుతుంది. మా వీధిలో ముప్పై నిండని అమ్మాయికి అండాశయాలు కూడా తీసేశారు. ఇప్పుడు ఒంట్లో ఆవిర్లు, కీళ్ల నొప్పులు, నాట్లకు వంగలేకపోతోంది. ఆపరేషన్‌కు తెచ్చిన అప్పుకు వడ్డీ కడుతూనే ఉంది. తీసిన గర్భసంచిని పరీక్షకు పంపారా అని అడిగితే ఆ సంగతే ఆమెకు తెలియదు. చేతిలో ఒక్క కాగితమూ లేదు.

ఇదంతా టీవీవాళ్ల కల్పనే అయితే ఆరోగ్యశ్రీ కింద ప్రైవేటు ఆసుపత్రుల్లో ఈ ఆపరేషన్లను ప్రభుత్వం ఎందుకు ఆపింది? ఖజానా డబ్బు కాపాడుకున్నారు, మంచిదే. సొంత డబ్బుతో వెళ్లేవారిని ఎవరు కాపాడాలి? ప్రైవేటు ఆసుపత్రుల నమోదుకు, నియంత్రణకు 2002లోనే చట్టం చేశారు. దాని కింద ఎవరి మీద ఏ చర్య తీసుకున్నారో జిల్లా వైద్యాధికారులు ప్రజలకు చెప్పాలి. అడిగితే ఫిర్యాదు రాలేదంటారు. చదువురాని కూలి మనిషి ఏ కాగితంతో ఫిర్యాదు చేస్తుంది?

వైద్యులనూ వైద్య కళాశాలలనూ నియంత్రించే అప్పటి భారత వైద్య మండలి అధ్యక్షుడినే లంచం ఆరోపణపై 2010లో సీబీఐ అరెస్టు చేసింది. ఆ వెంటనే కేంద్రం మండలిని రద్దు చేసింది. వైద్యుల పరువు ఒక ఆదివారం కార్యక్రమంతో పోయిందంటే నమ్మలేను. పైగా తక్కువ ఖర్చుతో గుండె ఆపరేషన్లు చేయిస్తున్న దేవి శెట్టి గారినీ, చవకగా జనరిక్ (బ్రాండ్ పేరు లేని) మందులు అందేలా చూసిన రాజస్థాన్ అధికారి సమిత్ శర్మ గారినీ చూపించింది ఆ కార్యక్రమమే. రాజస్థాన్‌లో 2011 అక్టోబర్ 2 నుంచి ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందులు ఉచితంగా ఇస్తున్నారు. మన పెద్దాసుపత్రుల్లో ఇంకా చీటీ రాసి బయటి దుకాణానికి పంపుతున్నారు. ఇది చూస్తే ఒళ్లు మండిపోతుంది.

గత అయిదేళ్లలో నలభై ఏళ్లలోపు మహిళలకు ఏ నర్సింగ్‌హోంలో ఎన్ని గర్భసంచులు, ఏ కారణంతో తీశారో రికార్డులు తెప్పించి, జిల్లాలవారీగా ప్రభుత్వం ప్రకటించాలి. వైద్య సంఘాలు తమ సభ్యుల చేత ఆ వివరాలు ఇప్పించాలి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
నల్గొండ జిల్లా