వద్దంటే సరిపోదు, సంతకం కావాలి

ఎడిటర్ గారికి నమస్కారం,

ఆస్తి కోసం కొట్టుకునేవాళ్ల వార్తలు రోజూ చూస్తున్నాం గానీ "నాకొద్దు పో" అని అలిగి కూర్చునే వారసుల గురించి ఎవరూ రాయరేంటండీ. మా మావగారు వీలునామా రాయకుండానే పోయారు, తెనాలి దగ్గర సొంత కష్టంతో కొన్న ఎకరంన్నర మాగాణి, ఓ పెంకుటిల్లు. మా వదిన (మా ఆవిడ అక్క) పైసా వద్దంటది, రిజిస్ట్రార్ ఆఫీసుకి రమ్మంటే మాత్రం ఫోన్ కట్ చేస్తది!

నోటిమాట చాలదండీ. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆయన పోయిన క్షణమే భార్యకీ ప్రతి బిడ్డకీ సమాన వాటా వచ్చేసింది, వదులుకోవాలంటే రిలీజ్ డీడ్ (హక్కు వదులుకునే పత్రం) రాసి రిజిస్టర్ చేయించాల్సిందే, తెల్లకాగితం పనికిరాదు. తండ్రి బతికుండగానే "కట్నం ఇచ్చారు, ఇంకేం అడగను" అని కూతుళ్లతో రాయించుకుంటారు చూడండి, అదీ మామూలుగా చెల్లదు, ఇంకా చేతికి రాని హక్కుని వదులుకోడమేంటి.

ఫారిన్‌లో ఉన్నోళ్లు ఇండియన్ కాన్సులేట్‌లో పవర్ ఆఫ్ అటార్నీ (తమ బదులు ఇక్కడొకరు సంతకం పెట్టేందుకు అధికార పత్రం) చేయించి పంపొచ్చు, ఇక్కడికొచ్చాక 3 నెలల్లోపు స్టాంపు వేయించాలి. మంచాన పడ్డవాళ్లుంటే సబ్ రిజిస్ట్రారే ఇంటికొచ్చే వీలు 1908 రిజిస్ట్రేషన్ చట్టంలోనే ఉంది, చాలామందికి తెలీదు.

తీసుకోరు, సంతకం పెట్టరు అంటే ఇక పార్టిషన్ సూటే (వాటాలు పంచమని కోర్టులో వేసే దావా) గతి. సొంత అక్క మీద కేసేంట్రా అని మా అత్తగారు ఒకటే ఏడుపు, ఈలోపు పొలం పాస్‌బుక్‌లో పేరు మారదు, ఇల్లు రిపేరుకి నోచుకోదు. కనీసం ఈ రూల్స్ తెలుగులో రాసి ప్రతి సచివాలయంలో బోర్డు పెట్టించమని మీరైనా గట్టిగా రాయండి సార్.

ఇట్లు,
ఓ అల్లుడు, గుంటూరు